చదువు సాయం నడుమన ఆగిపోకుండా



ఈ వారం రాసేది కాస్త పొడుగు. ఓపికగా చదవండి. విదేశంలో చదివే పిల్లలకు సాయం ఎట్లా తెచ్చుకోవాలి అని మనలో చాలామంది అడుగుతారు. వచ్చిన సాయం నడుమన నిలిచిపోకుండా ఎట్లా కాపాడుకోవాలి అని అడిగేవాళ్ళు తక్కువ. మా ఇంటి పిల్లవాడి విషయంలో దీన్ని దగ్గర నుంచి చూసినాము కాబట్టి రాస్తున్నాము. మేమంటే ఆలుమగలం ఇద్దరం. ఇద్దరమూ అరవ బడిలో చదివినవాళ్ళమే. మాట ఇంట్లో వచ్చింది, రాత మాత్రం సంఘం ఆదివారం తరగతిలో వచ్చింది.

మా అన్నగారి కూతురు పెళ్ళి చేసుకొని అమెరికా పోయి ఇరవై రెండేళ్ళు దాటింది. కొడుకు అక్కడే పుట్టినాడు, కాబట్టి వాడు ఆ దేశపు పౌరుడు. అక్కడి పౌరులకు, ఇంటి ఆదాయం తక్కువైతే, కేంద్ర ప్రభుత్వం పెల్ గ్రాంట్ ఇస్తుంది. ఇది తిరిగి కట్టనక్కరలేదు. దానితోపాటు తక్కువ వడ్డీకి అప్పు కూడా ఉంటుంది. వాడు ఈ రెండింటి మీదనే చదువుతున్నాడు. తండ్రికి ఉద్యోగం పోయి చిన్న అంగడి నడుపుతున్నాడు. సాయం ఆగితే చదువు ఆగినట్టే.

రెండో ఏడు రెండో సెమిస్టరు స్పెయిన్‌లో చదివి వచ్చినాడు. సొంత విద్యాలయం ఒప్పుకొని, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకుంటానంటే, ప్రభుత్వ సాయాన్ని బయటి దేశంలో చదివే సెమిస్టరుకూ వాడుకోవచ్చు. అంతవరకు బాగానే నడిచింది. జూన్‌లో ఉత్తరం వచ్చింది: నీ చదువు తగినంత ముందుకు సాగలేదు, వచ్చే సెమిస్టరు నుంచి సాయం లేదు.

ఈ నిబంధనకు వాళ్ళు పెట్టిన పేరు శాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్. పొట్టిగా ఎస్‌ఏపీ అంటారు. మా తరం ఉద్యోగులకు ఒక పోలిక చెబితే తొందరగా అర్థమవుతుంది. మనం చేరిన రోజుల్లో జీతం స్కేలు నడుమన ఈబి అని రెండక్షరాలు ఉండేవి, ఎఫిషియన్సీ బార్. అక్కడిదాకా ఏటేటా ఇంక్రిమెంటు దానంతట అదే వస్తుంది. పని బాగుందని పైఅధికారి రాస్తేనే ఆ గీత దాటి పైకి పోతాము. చదువు సాయంలో ఉన్నదీ అట్లాంటి గీతే.

వాళ్ళు మూడు సంగతులు చూస్తారు. ఒకటి, మార్కుల సగటు. రెండేళ్ళు ముగిసేసరికి సి గ్రేడు, అంటే నాలుగుకు రెండు, లేదా విద్యాలయం దానికి సమానంగా పెట్టుకున్న లెక్క ఉండాలి. రెండు, వేగం. పేరు రాయించుకున్న క్రెడిట్లలో ఎన్ని పూర్తి చేసినారు అని. చాలా చోట్ల ఇది 67 శాతం. మూడు, మొత్తం గడువు. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే, పేరు రాయించుకున్నవి ఒకటిన్నర రెట్లు, అంటే 180 దాటకముందే ముగించాలి. 120ని 180తో భాగిస్తే వచ్చేదే ఆ 67 శాతం.

పిల్లలు జారిపడేది రెండో దాంట్లో. నడుమన విడిచిపెట్టిన పాఠానికి మార్కుల సగటులో సున్నా పడదు. అందుకని విడిస్తే నష్టం లేదని అనుకుంటారు. కానీ వేగం లెక్కలో అది రాయించుకున్నదిగా నిలబడుతుంది, పూర్తయినదిగా నిలబడదు. జబ్బుచేసి విడిచినా లెక్క మామూలుగా ఇంతే.

మా వాడి లెక్క చూడండి. మొదటి మూడు సెమిస్టర్లలో 45 క్రెడిట్లు రాయించుకొని 33 పూర్తి చేసినాడు. ఒక పాఠం తప్పినాడు, మూడు విడిచినాడు. అయినా 73 శాతం ఉంది. స్పెయిన్‌లో 15 రాయించుకున్నాడు. అక్కడ అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ జరిగింది, రెండు పాఠాలు విడిచినాడు. మొత్తం 60లో 39 పూర్తయినట్టు కాగితంలో ఉంది. అంటే 65 శాతం. రెండు శాతానికి సాయం పోయింది.

ప్రతి సెమిస్టరుకూ లెక్క చూసే విద్యాలయాల్లో మొదటిసారి హెచ్చరిక ఇచ్చి ఒక సెమిస్టరు సాయం కొనసాగించవచ్చు. ఏడాదికి ఒకసారే చూసేచోట ఆ హెచ్చరిక మెట్టు ఉండదు. వాడిది ఏడాది లెక్క. నేరుగా ఆపేసినారు.

ఆ ఉత్తరాన్ని వాడు మూడు వారాలు తల్లికి చూపించలేదు. తండ్రి అంగడి కష్టం కళ్ళారా చూస్తున్నవాడు, నోరు విప్పలేకపోయినాడు. చివరికి మా ఇంటావిడకు ఫోన్ చేసినాడు. "అమ్మమ్మా, అమ్మతో చెప్పొద్దు" అన్నాడు. "చెప్పకుండా ఎట్లారా? ముందు కాగితాలన్నీ తాతకు పంపించు" అన్నది ఆమె.

ముప్పై ఆరేళ్ళు గళ్ళు నింపి, గళ్ళు సరిచూసి బతికినవాళ్ళం. మార్కుల పట్టీలో స్పెయిన్ వరుసలు ఐదు. రెండింటికి గ్రేడు, రెండింటికి విడిచినట్టు గుర్తు. ఐదో వరుసలో ఏమీ లేదు. "ఆ పరీక్ష రాసినావా?" అని అడిగినాము. "రాసినాను తాతా, పాసైనాను కూడా" అన్నాడు. అక్కడి నుంచి ఆ ఒక్క మార్కు ఇంకా వచ్చి చేరలేదు. ఆ మూడు క్రెడిట్లు చేరితే 60లో 42, అంటే 70 శాతం. గీత దాటినట్టే.

ఆ రాత్రే వాడు తల్లిదండ్రులకు చెప్పినాడు. తండ్రి ఒక్క మాట తిట్టలేదట, కాగితాలు పట్టుకొని కొడుకుతో కూడా ఆఫీసుకు పోయినాడట. స్పెయిన్ నుంచి మార్కు తెప్పించి లెక్క మళ్ళీ చూడమన్నారు. అది కుదరకపోతే అని అప్పీలు కూడా తయారు చేసుకున్నారు. జబ్బు, దగ్గరివాళ్ళ చావు, అట్లాంటి ప్రత్యేక కారణం ఉంటే అప్పీలు చేసుకునే వీలు విద్యాలయం ఇవ్వవచ్చు. ఎందుకు వెనుకబడినాము, ఇప్పుడు ఏమి మారింది, ఈ రెండూ అందులో రాయాలి. ఒప్పుకుంటే ప్రొబేషన్ కింద సాయం మళ్ళీ ఇస్తారు. అప్పీలు వాడే పని పడలేదు. ఆగస్టులో సాయం తిరిగి వచ్చింది.

ఇక్కడి నుంచి పోయే మన పిల్లలకు ఆ ప్రభుత్వ సాయం రాదు. ఎఫ్-1 వీసా వాళ్ళు దానికి అర్హులు కారు. కానీ గీతలు వాళ్ళకూ ఉన్నాయి. డిగ్రీ చదివేవాళ్ళు సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. పీజీలో విద్యాలయం చెప్పినన్ని, చాలా చోట్ల 9. ముందుగా అనుమతి లేకుండా తగ్గిస్తే వీసాకే ముప్పు. కాబట్టి పాఠం విడిచే ముందు విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగాలి, విడిచిన తర్వాత కాదు. మన బ్యాంకుల చదువు అప్పు కూడా ఒక్కసారిగా రాదు, ఫీజు కట్టవలసినప్పుడల్లా విడుదలవుతుంది. చదువు ఎట్లా సాగుతోందో బ్యాంకు విద్యాలయాన్ని అడగవచ్చు.

ఇంకొక సంగతి చాలామంది అడుగుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం విదేశీ విద్యానిధి కింద 20 లక్షల వరకు రెండు విడతలుగా ఇస్తుంది. రెండో విడతకు మొదటి సెమిస్టరు ఫలితం చూపాలి. అది ఆ రాష్ట్రం వాళ్ళకే. మన ఇంటి మాట తెలుగైనా మన రేషన్ కార్డు తమిళనాడుది. అక్కడ దరఖాస్తు పెట్టి నెలలు పోగొట్టుకోవద్దు, ఇక్కడి పథకాలు చూసుకోండి.

చివరగా మన సంఘం విద్యానిధి మాట. పోయిన సమావేశంలో రెండు పక్షాలు వచ్చినాయి. ఇచ్చిన తర్వాత మార్కులు అడగడం మర్యాద కాదని కొందరు, తప్పినవాళ్ళకు మళ్ళీ ఇవ్వకూడదని కొందరు. మార్కుల పట్టీ అడగాల్సిందే అని మా మనవి. అది పదిమంది పొదుపు చేసి ఇచ్చిన డబ్బు. కానీ తప్పిన పిల్లకు నోటీసు పంపేముందు ఇద్దరు పెద్దలు ఇంటికి పోయి కూర్చొని ఏమి జరిగిందని అడగాలి. కారణం ఉంటే ఒక సెమిస్టరు గడువు ఇవ్వాలి. ఈ రెండూ దరఖాస్తు కాగితంలోనే ముందుగా రాసి ఉంచాలి. అప్పుడు ఏ పిల్లా మూడు వారాలు కాగితం దాచుకొని కుమిలిపోదు.

వచ్చే సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడతాము. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పక రండి, కూర్చొని మాట్లాడుకుందాము.