ఇద్దరి పని, ఒక్కడి జీతం

ఫుట్‌బాల్ గురించి నాకున్న పరిజ్ఞానం బొత్తిగా గట్టుమీద కూర్చున్నవాడి పరిజ్ఞానం. బంతిని ఎలా తన్నితే ఎటు పోతుందో నాకు తెలియదు. చిన్నప్పుడు నేను తన్నిన బంతి ఎటు పోయిందో చూసినవాళ్ళకూ తెలియలేదు. అయినా ఆటగాళ్ళ జీవితాలు చదవడమంటే నాకు సరదా. ఎవరెన్ని గోల్సు వేశారన్న లెక్క కన్న, ఎవరి నెత్తిన ఎంత బరువు పెట్టారు, దాన్ని వారెలా మోశారు అన్నది నాకు ముఖ్యం. అలా చదువుతూ చదువుతూ నేను ఆగిపోయేది జాన్ చార్లెస్ అనే వేల్సు దేశస్థుడి కథ దగ్గర.

గోలీని అలా వుంచండి. మిగతా ఆటగాళ్ళను స్థూలంగా రెండు తెగలనుకోవచ్చు: గోలు కాకుండా ఆపేవాళ్ళు, గోలు వేసేవాళ్ళు. ఆపేవాడికి ఓర్పు కావాలి. వేసేవాడికి తెగువ కావాలి. ఒకడు ఎదుటివాడి ఎత్తు కనిపెట్టాలి. రెండోవాడు తన ఎత్తు ఎవరికీ తెలియనివ్వకూడదు. కోటకు కాపలా కాసేవాడూ, కోటకు కన్నం వేసేవాడూ ఒక్కడే అయితే ఎలా వుంటుంది? చార్లెస్ అలా వుండేవాడు. ఆ రెండు పనుల్లో దేనిలో ఎక్కువ గొప్పవాడన్నది అతని ఆట చూసినవాళ్ళే తేల్చుకోలేకపోయారు.

1931 డిసెంబరు 27న స్వాన్సీ పట్టణంలో పుట్టాడు. బడి వదలగానే అక్కడి క్లబ్బు మైదానంలో చిల్లర పనులు చేస్తూ, ఇంగ్లండులోని లీడ్స్ యునైటెడ్ వారి కంటపడ్డాడు. 1949లో, పదిహేడేళ్ళకే, లీడ్స్ మొదటి జట్టులో సెంటర్ హాఫ్‌గా దిగాడు. అంటే వెనక నిలబడి కాపలా కాసే పని. ఆరడుగుల రెండంగుళాల మనిషి. తలతో బంతి కొడితే, మరొకరు కాలితో తన్నినంత జోరు. మరుసటి ఏడాదికల్లా వేల్సు జాతీయ జట్టులో చోటు దొరికింది.

1952లో లీడ్స్ జట్టుకు గోల్సు కరువొచ్చింది. మేనేజరు ఫ్రాంక్ బక్లీ వెనకనున్న ఈ కుర్రవాణ్ణి ముందుకు పంపాడు. వెళ్ళాడు. 1953-54 సీజనులో లీగు పోటీల్లో 42 గోల్సు వేశాడు. ఒక్క సీజనులో లీడ్స్ ఆటగాడెవరూ అన్ని లీగు గోల్సు మళ్ళీ వేయలేదు. ఈలోగా వెనక చిల్లు పడిందంటే వెనక్కి పిలిచేవారు. వచ్చేవాడు. మళ్ళీ ముందుకు పొమ్మంటే పోయేవాడు. 1956లో జట్టు రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కింది. పెద్దవాళ్ళ మధ్య ఇతని పప్పులుడకవని అనుకున్నవాళ్ళకు ఆ సీజనులో 38 గోల్సు జవాబు.

ఇక జీతం సంగతి. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆటగాడి జీతానికి ఒక గరిష్ఠ పరిమితి వుండేది. 1961లో దాన్ని రద్దుచేసే నాటికి కూడా అది వారానికి 20 పౌన్లే. ఎంత గొప్పవాడైనా అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదు. వేలకొద్దీ జనం టిక్కెట్లు కొని ఎవర్ని చూడటానికి వచ్చారో, అతనికీ అంతే. ఇద్దరి పని చేసినవాడికి ఒక్కడి జీతం!

ఇది చదివినప్పుడు నాకు మా చిన్న మేనమామ జ్ఞాపకం వస్తాడు. మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా గాడిపొయ్యి దగ్గర పులుసులో వుప్పు చూసేదీ ఆయనే, మగపెళ్ళివారి అలక తీర్చేదీ ఆయనే. తీరా ఫొటో తీసే వేళకు ఆయన కనిపించడు. విస్తళ్ళ దగ్గర వుంటాడు. “వాడికేమండీ, ఏ పనైనా చేస్తాడు” అంటారు అందరూ. అది మెప్పే. కాని ఆ మెప్పు వెనకాల మరో పని పొంచి వుంటుందని ఆయన్ను చూశాకే నాకు అర్థమయింది.

1956 సెప్టెంబరులో లీడ్స్ వారి ఎల్లండ్ రోడ్ మైదానంలో పడమటి స్టాండు కాలి బూడిదయింది. కొత్తది కట్టాలి, బీమా సొమ్ము చాలదు. అప్పుడు ఇటలీలోని టూరిన్ నగరం నుంచి జువెంటస్ క్లబ్బు వచ్చింది. 1957లో 65,000 పౌన్లకు బేరం కుదిరింది. అంతవరకూ ఏ బ్రిటిషు ఆటగాడికీ అంత ధర పలకలేదు. ముందూ వెనకా కూడా కాసిన మనిషి చివరకు క్లబ్బు ఖజానాను కూడా కాసి వెళ్ళాడన్నమాట.

ఇటలీలో మొదటి సీజనులోనే 28 గోల్సుతో లీగులో అందరికన్న ముందు నిలిచాడు. అర్జెంటీనా నుంచి వచ్చిన సివోరి, ఇటలీవాడు బోనిపెర్టి అతనికి జోడు. జువెంటస్ 1958, 1960, 1961లో లీగు గెలిచింది. అక్కడా పాత కథే. అతను గోలు వేసి జట్టును ముందంజలో పెట్టాక, ఆ ఆధిక్యం నిలబెట్టడానికి అతన్నే వెనక్కి పంపేవారు.

అంత శరీరం వుండి ఎవర్నీ తోయలేదు, తన్నలేదు. ఆట జీవితమంతటిలో ఏ రెఫరీ అతన్ని హెచ్చరించలేదు, బయటికి పంపలేదు. ఇటలీవాళ్ళు “మంచి మహాకాయుడు” అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కాని ఎదుటివాళ్ళందరూ అంత మంచివాళ్ళు కారు. 1958లో స్వీడనులో జరిగిన ప్రపంచ కప్పులో హంగరీతో రెండోసారి తలపడ్డప్పుడు అతన్ని కాళ్ళమీద కొట్టి కొట్టి వదిలారు. వేల్సు గెలిచింది గాని, తరవాతి ఆటలో బ్రెజిల్ మీద అతను దిగలేకపోయాడు. పదిహేడేళ్ళ పీలే వేసిన ఒక్క గోలుతో వేల్సు ఓడిపోయింది. మళ్ళీ ప్రపంచ కప్పు గడప తొక్కడానికి ఆ దేశానికి 2022 దాకా పట్టింది.

1962లో లీడ్స్ అతన్ని తిరిగి కొనుక్కుంది. పదకొండు లీగు ఆటలతో ఆ ముచ్చట తీరింది. కొన్నాళ్ళు రోమాలో, 1963 నుంచి కార్డిఫ్‌లో, తరవాత ఇంకా చిన్న క్లబ్బుల్లో ఆడాడు. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు గదా. ఆట మానాక కూటి కోసం వ్యాపారాలు చేశాడు. కలిసిరాలేదు. మైదానంలో ఏ చోటైనా ఆడగలిగినవాడు గల్లాపెట్టె దగ్గర మాత్రం ఆడలేకపోయాడు. 2001లో సి.బి.ఇ. గౌరవం వచ్చింది. 2004 ఫిబ్రవరి 21న, 72 ఏళ్ళ వయసులో, కన్నుమూశాడు.

చార్లెస్ గొణిగినట్టు నేనెక్కడా చదవలేదు. గొణగనివాళ్ళతోనే చిక్కు. వాళ్ళకు ఏం బాకీపడ్డామో మనమే గుర్తుపెట్టుకోవాలి, వాళ్ళుగా అడగరు. ఏ పని చెప్పినా “సరే” అనే మనిషి మన ఇంట్లోనో, ఆఫీసులోనో తప్పక వుంటాడు. మరో పని చెప్పే ముందు అతను భోంచేశాడో లేదో అడగడం మన ధర్మం.

అతను పోయాక లీడ్స్ వారు ఆ పడమటి స్టాండుకు జాన్ చార్లెస్ పేరు పెట్టారు. అతన్ని అమ్మిన డబ్బు ఆసరాతో లేచిన స్టాండుకు అతని పేరే! బాకీ తీర్చడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.