డేరాలో ఓ రాత్రి

"డబ్బులిచ్చి మరీ డేరాలో పడుకోవడమేమిట్రా? మాకైతే జీతమిచ్చి పడుకోబెట్టేవారు!"

కిందటి డిసెంబరులో టైడా ప్రయాణం సంగతి చెప్పగానే నాన్న అన్నమాట ఇది. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేసి 2009లో రిటైరయ్యారు. సర్వీసులో చాలా ఏళ్లు ఆ కొండల్లోనే గడిచాయి. మేమంతా కలిసి అక్కడికి వెళ్లడం మాత్రం అదే మొదటిసారి.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వస్తుంది టైడా. విశాఖకి సుమారు 75 కిలోమీటర్లు. అడవి మధ్యలో చెక్క కాటేజీలు. మేం దిగిన చోట పక్కనే ఖాళీ స్థలంలో గుడారాలు కూడా వేసిచ్చారు. అమ్మానాన్నలకీ మా ఆవిడకీ కాటేజీ, పిల్లలిద్దరికీ నాకూ గుడారం అని ఒప్పందం. అమ్మ గుడారంలోకి ఓసారి తొంగిచూసి, "జిప్పు పట్టేస్తే లోపలే ఉండిపోతార్రా" అని హెచ్చరించి, మంకీ క్యాపులు తొడిగి వెళ్లింది.

సాయంత్రం బొంగు చికెన్, ఆపైన చలిమంట. అందరం చుట్టూ కూర్చున్నాం. అంతలో కొండ మీదనుంచి రైలు చప్పుడు. నాన్న మాట ఆపేసి, తల కాస్త పక్కకి వంచి విన్నారు.

"లోడు బండి. విశాఖకి దిగుతోంది" అన్నారు.

"చూడకుండా ఎలా చెప్పావు తాతయ్యా?" అంది మా చిన్నది.

"ఖాళీ బండి గలగలలాడుతుందమ్మా. లోడు బండి మూలుగుతుంది."

బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖకి తేవడానికి 1960ల్లో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు, 50కి పైగా సొరంగాలు. అద్దాల పెట్టెలో అరకు వెళ్లేవాళ్లు సొరంగం వస్తే కేకలు పెడతారు. మా పిల్లలూ పెట్టారోసారి. ఆ సొరంగాల్లో తాతయ్య రాత్రిళ్లు నడిచేవాడని వాళ్లకి తెలియదు. నిజం చెప్పాలంటే, నాకూ సరిగ్గా తెలియదు.

పిల్లలు అడిగితే ఆ రాత్రి చెప్పారు. వర్షాకాలంలో కొండచరియలు విరిగి పట్టాలమీద పడతాయి. అందుకని రాత్రంతా పెట్రోలింగ్. ఇద్దరిద్దరుగా బయల్దేరేవారు. చేతిలో కర్ర, దీపం, రేకు డబ్బాలో 10 డిటోనేటర్లు. తమ హద్దు చివర అవతలివాళ్లు ఎదురొస్తే పుస్తకాలు మార్చుకుని వెనక్కి నడవాలి. దారిలో బండరాయి కనిపిస్తే రైలొచ్చే వైపు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దగ్గర మూడు పట్టాకి బిగించాలి. చక్రం ఎక్కగానే అవి పేలితే డ్రైవరు బండి ఆపేస్తాడు.

"నువ్వు ఎన్ని రైళ్లు ఆపావు తాతయ్యా?" మావాడి కళ్లు మెరుస్తున్నాయి.

"ఒక్కటీ లేదు. మా హద్దులో నా డ్యూటీలో ఎప్పుడూ ఏమీ పడలేదు."

వాడి మొహం వాడిపోయింది. నాన్న నవ్వారు. "ఏమీ పడలేదని చూసి రావడమేరా మా పని."

నాకు మాత్రం నవ్వు రాలేదు. పెట్రోలింగ్ రోజుల్లోనే వినాయక చవితి వస్తుంది. చిన్నప్పుడు ఒక్క చవితికీ ఆయన ఇంట్లో లేరు. క్వార్టర్స్‌లో మిగతా పిల్లలకి వాళ్ల నాన్నలు పాలవెల్లి కట్టిపెడుతుంటే, మా ఇంట్లో అమ్మ స్టూలు పట్టుకునేది, నేను ఎక్కి కట్టేవాణ్ణి. అది ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగిపోయేది. కథ కూడా నేనే చదివేవాణ్ణి. ఆ కోపం ఎంత గట్టిగా పేరుకుందంటే, ఉద్యోగం వచ్చాక కూడా ఆయన్ని "మీ డ్యూటీ ఎలా ఉండేది?" అని ఒక్కసారీ అడగలేదు.

పిల్లలు నిద్రపోయాక అర్ధరాత్రి మెలకువ వచ్చింది. మళ్లీ రైలు. జిప్పు తీసి చూస్తే కాటేజీ మెట్ల మీద శాలువా కప్పుకుని నాన్న నిలబడి ఉన్నారు. చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా కదల్లేదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇంకా లేస్తారా నాన్నా?"

"అలవాటురా. బండి దాటిపోతే గానీ నిద్ర పట్టదు."

ఏం మాట్లాడాలో తోచక, "నేను కట్టిన పాలవెల్లి గుర్తుందా? ఎప్పుడూ వంకరే" అన్నాను.

"ఎందుకు గుర్తులేదు! తెల్లారి డ్యూటీ దిగి వచ్చేసరికి నువ్వు నిద్రలో ఉండేవాడివి. తాడు విప్పి సరిచేసి కట్టి పడుకునేవాణ్ణి."

పొద్దున్న లేచేసరికి పాలవెల్లి తిన్నగా ఉండేది. అది అమ్మ పని అనుకున్నాను ఇన్నేళ్లూ.

మర్నాడు గుడారం విప్పుతుంటే నాన్న వచ్చి ఒక తాడు పట్టుకున్నారు. "ముడి ఇలా కాదురా" అంటూ మళ్లీ వేసి చూపించారు. ఈసారి కళ్లు పెట్టుకుని చూశాను.