రాయ్‌రంగ్‌పూర్ ఆవిడ, బరంపురం ఆయన

జంషెడ్‌పూర్‌లోని మా సిద్ధగోరాకి రాయ్‌రంగ్‌పూర్ దూరమేం కాదు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారిది ఆ పక్కనే ఉపర్‌బేడా. తండ్రి, తాత ఊరి పెద్దలు. 2017లో జార్ఖండ్ గవర్నర్‌గా, ఆదివాసీ భూముల చట్టాల సవరణ బిల్లులను వెనక్కి పంపేశారు. అప్పటి ప్రభుత్వమేమో ఆవిడ పార్టీదే, ముఖ్యమంత్రి మా జంషెడ్‌పూర్ ఈస్ట్ ఎమ్మెల్యేనే! అక్కడ పదవి కంటే పుట్టిల్లే గట్టిగా మాట్లాడిందని నాకనిపిస్తుంది.

కానీ మన బరంపురం వి.వి. గిరి సంగతో? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్య ఎదిగిన నాయకుడు. మా టాటానగర్ స్టేషనూ ఆ లైన్లోదే. 1954లో బ్యాంకు ఉద్యోగుల కోసం కేంద్రమంత్రి పదవే వదులుకున్నారు. తీరా 1974లో రైల్వే సమ్మెను అణిచేసినప్పుడు రాష్ట్రపతి ఆయనే. మంత్రికి రాజీనామా ఉంది, గవర్నరుకు బిల్లు తిప్పి పంపడం ఉంది. బిల్లును తిప్పి పంపగలిగినా చివరికి కేబినెట్ సలహాకు కట్టుబడాల్సిన రాష్ట్రపతికి పుట్టిపెరిగిన చోటు ఏమాత్రం అక్కరకొస్తుందంటారు?