ముందు తలుపా? పై మూతా?

మీ ఇంట్లో వాషింగ్ మెషీన్‌ని ఎవరు ఎంపిక చేశారండీ? మావారనో, మా అబ్బాయనో మీరంటే నేనేం ఆశ్చర్యపోను. మా ఇంటికి మొదటి మెషీన్ అలాగే వచ్చింది. రెండు తొట్లది, సెమీ ఆటోమేటిక్. పద్దెనిమిదేళ్లు పనిచేసింది, కాదనను. కానీ ఒక తొట్టిలోంచి తడిబట్టలు తీసి రెండో తొట్టిలో వేసే పని మాత్రం ఆ పద్దెనిమిదేళ్లూ నాదే. వేసవిలో దాని మోటారు కాలిపోయింది. కొత్తది కొనక తప్పలేదు. ఈసారి నేనే ఎంచుకుంటానని పట్టుబట్టాను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతాదంతా బోరే. ఆ నీళ్లలో సబ్బు నురగ రావడం గగనం. ఇంట్లో మావారు, నేను, డిగ్రీ చదివే మా అబ్బాయి, డెబ్బై ఆరేళ్ల మా అత్తయ్యగారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. కాలువ రేవులో బండ మీద ఉతికిన బట్టే బట్ట అంటారు. మెషీన్ జోలికి ఎప్పుడూ పోలేదు.

పాత మెషీన్ మూలపడ్డ రోజుల్లోనే ఒకనాడు తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి చప్పుడు విని లేచాను. వెనక బాల్కనీలో, లైటు కూడా వేసుకోకుండా, అత్తయ్యగారు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో బకెట్లో చీరా, లంగా, పక్కదుప్పటీ జాడిస్తున్నారు. కింద అంతా తడి, సబ్బు జారుడు. "ఏంటత్తయ్యా ఈ వేళప్పుడు?" అనబోయి నోరు మూసుకున్నాను. చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "నా బట్టలు నేనే ఉతుక్కుంటాలే" అని ఆవిడ అంటుంటే మడి పట్టింపు అనుకున్నాను. పెళ్లిళ్లకు రానంటే మోకాళ్ల నొప్పులనుకున్నాను. బయటికి బయల్దేరే ముందు గుక్కెడు నీళ్లు కూడా తాగకపోతే అలవాటనుకున్నాను. మీకు అర్థమయ్యే ఉంటుంది. వయసు మీదపడ్డాక మనలో చాలామందికి దగ్గినా తుమ్మినా అదుపు తప్పుతుంది. ఎవరితోనూ చెప్పుకోం, అంతే.

ఇక షాపు సంగతి. మావారు పై మూత మెషీన్ దగ్గర నిలబడిపోయారు. "ఇదైతే నువ్వు వంగక్కర్లేదు" అన్నారు. నిజమే, ఆ మాట నా మంచికే. అబ్బాయికి ఫోన్లోంచి నడిపే మెషీన్ కావాలి. షాపు కుర్రాడు "మేడమ్, మీకేం కావాలి?" అన్నాడు. అసలు సంగతి అంతమందిలో ఎలా చెప్పను? "వేడినీళ్లతో ఉతికేది కావాలి, దుప్పట్లకి" అన్నాను. "ఇన్నాళ్లూ మనకు దుప్పట్లు లేవా?" అన్నారు మావారు. కుర్రాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

నేను ముందు తలుపుది ఎందుకు కోరుకున్నానంటే, పై మూత వాటిలోనూ హీటరున్నవి ఉన్నాయి గానీ, ఆ తొట్టి లోతు. మా అత్తయ్యగారు పొట్టి. అడుగున పడ్డ తడి దుప్పటి ఆవిడకు అందదు. ముందు తలుపుదైతే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునే వేయొచ్చు, తీయొచ్చు. పైగా లోపలి హీటరు చన్నీళ్లనే మెల్లగా వేడెక్కిస్తుంది గనక మరకలు ఒక్కసారిగా బట్టకు పట్టేయవు. నీళ్లూ తక్కువే. ఇందులో డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ బట్టల్ని పైకెత్తి నీళ్లలోకి పడేస్తుంది. బట్టలన్నీ మునిగేలా తొట్టి నింపక్కర్లేదు. ఏడు కిలోల మెషీన్‌కి ఒక ఉతుకుడికి సుమారు 50, 60 లీటర్లు చాలు. పై మూత వాటికి దాదాపు రెట్టింపు పడుతుంది. ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే వాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

అన్నట్టు, ఈ కిలోలంటే పొడిబట్టల బరువు. నలుగురున్న ఇంటికి ఏడు కిలోలది సరిపోతుంది. డ్రమ్ము నిండా కుక్కకుండా పైన జానెడు ఖాళీ వదలాలి.

దీనికి ఇబ్బందులు లేవనుకోకండి. అరవై డిగ్రీల వేడితో ఉతకడానికి రెండు గంటల పైనే పడుతుంది. మధ్యలో మర్చిపోయిన రుమాలు గుర్తొస్తే టక్కున తలుపు తీయడం కుదరదు. ధర కూడా ఎక్కువే.

షాపుకి వెళ్లేముందే టేపు తీసుకుని ఇల్లు కొలవండి. ఈ మెషీన్లు సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. పెట్టే చోటు ఒక్కటే చూస్తే చాలదు, అక్కడికి వెళ్లే తలుపు కూడా కొలవాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి, ఎందుకంటే హీటరు కరెంటు గట్టిగా లాగుతుంది. నీళ్ల ప్రెషరు మాత్రం అస్సలు మరవకండి. మాదే పై అంతస్తు, ట్యాంకు మా నెత్తినే ఉంటుంది. ఎత్తు చాలక నీళ్లు సన్నగా వచ్చి మెషీన్ మొరాయించింది. చివరికి చిన్న ప్రెషర్ పంపు పెట్టించాం. ఆ ఖర్చు మేం ముందు అనుకోలేదు. మీరు అనుకోండి.

మెషీన్ ఇంటికొచ్చాక వెనకవైపు పెద్ద బోల్టులుంటాయి. దారిలో డ్రమ్ము ఊగకుండా బిగించినవవి. అవి తీయకుండా నడిపితే మెషీన్ గదంతా గంతులేస్తుంది, పాడవుతుంది కూడా. బిగించడానికొచ్చిన అబ్బాయి తీశాడో లేదో దగ్గరుండి చూడండి. తీసినవి పారేయకండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి. నీళ్లు బయటికి పోయే పైపుని నేలమీద పడేయకూడదు. పుస్తకంలో చెప్పిన ఎత్తులో తగిలించాలి. లేదంటే లోపలి నీళ్లు వాటంతటవే జారిపోతాయి.

సబ్బుపొడి మామూలుది వద్దు. నురగ తక్కువ వచ్చే, ముందు తలుపు మెషీన్లకని అమ్మేదే వాడాలి. బోరు నీళ్లున్న వాళ్లు హీటరుకు పట్టే సున్నాన్ని కరిగించే పొడి అప్పుడప్పుడూ వేసి ఖాళీగా తిప్పాలి. ఉతికాక తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో నీళ్లు నిలుస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, తలుపు ఓరగా వదిలేస్తే బూజువాసన రాదు. ఇంట్లో చంటిపిల్లలుంటే మాత్రం ఆ తెరిచిన తలుపు మీద ఓ కన్నేసి ఉంచండి. అడుగున చిన్న మూత వెనక ఫిల్టరుంటుంది, దాన్నీ కడగాలి. మొదటిసారి తీస్తే మాకు అయిదు రూపాయల బిళ్ల, రెండు పిన్నీసులు దొరికాయి.

మళ్లీ అత్తయ్యగారి దగ్గరికొద్దాం. మావారు ఆఫీసుకూ, అబ్బాయి కాలేజీకీ వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆవిడను మెషీన్ ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాను. తిప్పే మీట ఉన్నదే కొన్నాను, వేలితో తాకే అద్దం ఆవిడకు అర్థం కాదని. ఆ మీట పక్కన వేడినీళ్లకు ఎర్ర స్టిక్కర్ బొట్టు, మామూలు ఉతుకుడికి ఆకుపచ్చ బొట్టు అంటించాను.

"అత్తయ్యా, పక్కదుప్పట్లూ తెల్లలంగాలూ అయితే ఎర్రబొట్టు, రంగు చీరలైతే పచ్చబొట్టు. మీవి మీరే వేసుకోండి. ఇంకెవరూ ముట్టుకోరు" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. మీట వంకే చూస్తూ, "నీకు తెలుసా అమ్మాయ్?" అన్నారు.

"గట్టిగా తుమ్మితే నా గతీ అంతే అత్తయ్యా" అన్నాను. అబద్ధం కాదు, నాకూ యాభై దాటాయి. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ వారంలోనే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూత్రపరీక్ష, షుగరు పరీక్ష చేయించి, కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం నేర్పారు. ఇప్పుడు చాలా నయం. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా దాచుకుంటుంటే డాక్టరుకు చూపించడానికి వెనకాడకండి. వైద్యం ఉన్న ఇబ్బందే ఇది.

ఈ సంగతి పత్రికకు రాయనా అని ఆవిడనే అడిగాను. "నా పేరు రాయకు. మిగతాది రాసుకో. నాలాంటి వాళ్లు ఇంకెందరున్నారో" అన్నారు.

ఇప్పుడు మెషీన్ తిరుగుతున్నంతసేపూ ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆ గాజు తలుపులోంచి చూస్తుంటారు. "ఎంతైనా మా రేవు బండకి సాటి రాదే అమ్మాయ్" అని రోజూ వంక పెడతారు. పెట్టనివ్వండి. తెల్లవారుజామున నాలుగింటికి మా బాల్కనీలో కుళాయి చప్పుడైతే వినపడడం లేదు.