కార్తీక మాసం, బురద సైకిళ్లు

ఆ కుర్చీ తడిగా ఉంది, ఇటు పక్కకి రండి. దీపావళి టపాకాయల కాగితాలు వాకిట్లో ఇంకా అతుక్కునే ఉన్నాయి. వానేమో "ఇక వెళ్లొస్తా" అంటూనే గుమ్మంలో నిలబడి గంటసేపు మాట్లాడే చుట్టంలా కదలడం లేదు. ప్రోతరాపూర్‌లో కార్తీకమంటే ఏటా ఇంతే. నైరుతి వానలు మే నెలలో ముందు మన అండమాన్ దీవుల్నే పలకరిస్తాయి, ఈశాన్యపు వానలు డిసెంబరు దాకా వదలవు. మధ్యలో గొడుగు ఆరేసుకునే సందు కూడా ఉండదు. సరిగ్గా ఈ రోజుల్లోనే మన కుర్రాళ్లకి బురద సైకిళ్ల పూనకం వస్తుంది. కొళాయిల దగ్గర బిందెల కన్నా సైకిళ్లు ఎక్కువ కనిపిస్తున్నాయంటే సీజను మొదలైనట్టే లెక్క.

అన్నట్టు, కిందటి కార్తీకంలో ఇక్కడ లేనివాళ్ల కోసం ఒక్క మాట. ఈ బురద సైకిళ్ల ఆటని సైక్లోక్రాస్ అంటారు. ఫ్రాన్సులో పుట్టింది, బెల్జియంలో ముద్దుగా పెరిగింది. అక్కడ సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇదే గోల. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఉంటుంది. అందులో గడ్డి, బురద, ఇసుక, మెట్లు. 40 సెంటీమీటర్లు మించని ఎత్తున్న పలకలు రెండు, నాలుగు మీటర్ల ఎడంలో అడ్డం పెడతారు. వాటి దగ్గర సైకిలు దిగాలి, ఎత్తుకుని దూకాలి, మళ్లీ గెంతి ఎక్కాలి. మెట్లూ గట్లూ వస్తే భుజానికెత్తుకుని పరుగే. ఇదంతా వీధి చివరి బామ్మకి ఓపిగ్గా వివరించారు మనవాళ్లు. ఆవిడ చివరిదాకా విని, "ఒరే గుంటడా, సైకిలు నిన్ను మోయాలా, నువ్వు సైకిల్ని మోయాలా? ఏటిరా ఈ ఆట!" అంది. శ్రీకాకుళం నుంచి వచ్చి యాభయ్యేళ్లయినా ఆవిడ ప్రశ్నలో పదును తగ్గలేదు. దానికి జవాబు బెల్జియం వాళ్లనే అడగాలి.

ఇక మన జట్టు సంగతి. జట్టు అని గొప్పకి అంటాం గానీ, దానికి బోర్డూ లేదు, రసీదు పుస్తకమూ లేదు. ఆదివారం తెల్లారగట్ల టీకొట్టు దగ్గర ఎవరు తేలితే వాళ్లే జట్టు. అసలైన సైక్లోక్రాస్ సైకిలు చూసినవాళ్లు తక్కువ, తొక్కినవాళ్లు ఇంకా తక్కువ. లావు టైర్ల గేరు సైకిళ్లు కొన్ని, బడికి తీసుకెళ్లేవి కొన్ని, తాతల నాటి నల్లసైకిలు ఒకటి. పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదని నియమం ఉందట. మన దగ్గర టైరు గుండ్రంగా ఉంటే చాలు.

తెల్లారగట్ల అన్నానుగా, అది ఊరికే అనలేదు. మన గడియారం మెయిన్‌ల్యాండుది, మన సూర్యుడు మాత్రం తూర్పు దేశాల వాడు. నవంబరులో ఐదుంబావుకే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదు కాకుండానే పొద్దు గూకుతుంది. ఆఫీసు నుంచి వచ్చి సాధన చేద్దామనుకున్న పెద్దమనుషులు షూ లేసులు కట్టుకునేసరికే చీకటి పడిపోతోంది. అందుకే పందెం ఐదున్నరకి. ఆరింటికి వచ్చినవాళ్లు ప్రేక్షకులు.

పందేనికి దారి ఎక్కడంటారా? పోకతోటల పక్కనుంచి పల్లంలోకి దిగి, ఖాళీ జాగా చుట్టి, మళ్లీ మెరక ఎక్కడం. పల్లం కాస్తా ఊడ్పులకి దమ్ము చేసిన మడిలా ఉంటుంది. అందులో వేగంగా దిగినవాడికి ముందు చక్రం ఆగుతుంది, తను ఆగడు. అడ్డపలకలకి కర్ర కొనక్కర్లేదు, పడిపోయిన పోకచెట్టు మాను చీలిస్తే రెండు పలకలు. వాటిని సైకిలు దిగకుండానే గెంతించేస్తానని ప్రతి ఏడూ ఒక కుర్రాడు బయల్దేరతాడు. ఆ కుర్రాడి సైకిలు గెంతుతుంది కూడా. పాపం, ముందు చక్రం వరకే.

ఆఫ్రికా నత్తల సంగతి మరిచిపోయేవాణ్ని. పెరట్లో బొప్పాయి మొక్కల్ని నమిలేసే ఆ పిడికిలంత నత్తలు, చినుకు పడిందంటే దారంతా పరుచుకుంటాయి. పందేనికి ముందు బకెట్టు పట్టుకుని వాటిని ఏరడం పిల్లల పని. ఒక్కో ఆదివారం బకెట్టు నిండిపోతుంది. జలగల్ని మాత్రం ఎవరూ ఏరరు, అవే మనల్ని ఏరుకుంటాయి. సాక్సులో ఉప్పు మూట దోపుకోవడం మన జట్టు కనిపెట్టిన విద్య, బెల్జియంలో తెలియదు.

ఇక నాగులచవితి నాడు చిన్న చిక్కు. దారి మలుపులో మంచి పుట్ట ఒకటుంది. హద్దుకి కట్టిన ఎర్ర రిబ్బను దాని చుట్టూ తిరిగిపోయింది. పాలు, చలిమిడి పట్టుకొచ్చిన ఆడవాళ్లు అది చూసి, "ఎవరో మాకన్నా ముందే వచ్చి ఎంత శ్రద్ధగా అలంకరించారమ్మా" అని మురిసిపోయారు. అది మన పనేనని ఎవరూ నోరు విప్పలేదు. ఆ మలుపులో ఇప్పుడు అందరూ బ్రేకు వేసి మరీ వెళ్తున్నారు. భక్తో భయమో, మలుపు మాత్రం భద్రం.

పంక్చరు కొట్టాయన సంగతి చెప్పాలి. బురదలో పట్టు దొరకాలంటే టైరులో గాలి తక్కువుండాలి. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి వెళ్లాలి. నలభై ఏళ్లుగా గాలి కొడుతున్న ఆ పెద్దాయన దగ్గరికెళ్లి "కొంచెం తీసెయ్యండి" అని అడిగితే ఆయనకెలా ఉంటుంది? తన వృత్తినే వెక్కిరిస్తున్నారనుకున్నాడు. రెండు వారాలు మాట్లాడలేదు. తరవాత గాలి పెట్టడానికి ఎంతో, తియ్యడానికీ అంతే తీసుకుంటానని రాజీకి వచ్చాడు. న్యాయమే. రెండింటికీ వంగేది ఆయన నడుమే.

చైనుకి ఏ నూనె వెయ్యాలన్న చర్చ ఇంకా తెగలేదు. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నిద్రలోనే తుప్పు పడుతుంది. దీవుల్లో పుష్కలంగా దొరికేది కొబ్బరినూనె. అది రాస్తే మొదటి చుట్టు వెన్నలా సాగుతుంది, రెండో చుట్టుకి మట్టంతా అంటుకుని చైను అరిసెల పిండిలో ముంచినట్టవుతుంది. తలకి రాసుకునేది తలకే రాసుకోండి.

అన్నట్టు, విశాఖ నుంచి షిప్పులో ఎవరైనా వస్తున్నారా? వస్తుంటే ముందే చెప్పండి. టైర్లు, బ్రేకు రబ్బర్లు ఇక్కడ అన్ని కొలతల్లోనూ దొరకవు, పార్సిలైతే ఎప్పుడొస్తుందో పోస్టుమాన్‌కే తెలీదు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మారాక చిరునామా ఎలా రాయాలన్న తర్జనభర్జన వేరే. చుట్టాల సామానులో పంపించుకోవడమే మేలు. సముద్రంలో మూడు రోజులు, నేల మీద ముప్పావుగంట, సరుకు ఇంటికి చేరుతుంది. పోయినసారి టైర్లు ఆవకాయ జాడీ పక్కన, మాడుగుల హల్వా పెట్టె కింద ప్రయాణం చేసి వచ్చాయి. జాడీ మూత కాస్త వదులు. ఆ టైర్ల వెనక తొక్కినవాడికి మొదటి చుట్టులోనే ఆకలేసింది.

మెయిన్‌ల్యాండు చుట్టాల మాట వచ్చింది కాబట్టి, వాళ్లకి మన ఊరు రెండు విధాలుగా తెలుసు. ఒకటి టీవీలో. "అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అనగానే ఫోను మోగుతుంది. "ఏరా, బాగానే ఉన్నారా?" అంటారు. ఇక్కడ మనవాడు కిటికీలోంచి చూస్తూ, "అల్పపీడనమే పిన్నీ, ఆదివారానికి వాయుగుండం అయితే బాగుణ్ను, బురద ఇంకా చిక్కబడుతుంది" అంటాడు. ఆవిడ ఫోను పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది.

రెండోది జైలు. సెల్యులార్ జైలు 1906లో కట్టి ముగించారు, ఇప్పుడది జాతీయ స్మారకం. ఈనాటి జిల్లా జైలు మాత్రం ప్రోతరాపూర్‌లోనే. "ఎక్కడుంటున్నారు?" అంటే "జైలు దగ్గర" అని చెప్పడం మనకి అలవాటు, వినేవాళ్లకి అలవాటు లేదు. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లతో అలా చెప్పొద్దని ఇంట్లో పెద్దవాళ్ల ఆర్డరు. సరిగ్గా ఆ సమయానికే వీపంతా బురదతో, భుజాన సైకిలుతో పెళ్లికొడుకు గుమ్మంలోకి వస్తే ఇక చెప్పేదేముంది.

ఇక అసలు సందడి గట్టు మీద. బెల్జియంలో ప్రేక్షకులు ఆవుల మెడగంటలు వాయిస్తారట. మనకా చింత లేదు. స్టీలు పళ్లెం, గరిటె చాలు. అందులోనూ ఉత్తరాంధ్ర కుటుంబాల వాళ్లున్నారు, తప్పెటగుళ్లు చూసిన చెవులు వాళ్లవి. ఆ పళ్లేల దరువుకి సైకిలు వాడు తొక్కుతున్నాడో చిందేస్తున్నాడో తెలియదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు నూటికి 13 మంది. పందెం రోజున గట్టు మీద వింటే నూటికి నలభై అనిపిస్తుంది. అరవడంలో మనవాళ్లు లెక్కకి అందరు. బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ అన్నీ కలిసి చివరికి "చలో చలో" దగ్గర ఒక్కటవుతాయి. పడిపోయినప్పుడు మాత్రం ఎవరి భాషలో వాళ్లు.

చుట్ల లెక్క ఒక పెద్ద తలకాయనొప్పి. అసలు పద్ధతిలో ఇన్ని చుట్లు అని ముందే చెప్పరు. మొదటి రెండు చుట్లకి ఎంతసేపు పట్టిందో చూసి, మగవాళ్ల పెద్ద పందెమైతే గంటకి సరిపడేలా మిగతావి లెక్కకడతారు. మన దగ్గర ఒక రిటైరైన మాస్టారు వక్కలతో లెక్కపెడతారు. ఒక్కో చుట్టుకి ఒక్కో వక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. ఒకసారి పందెం మరీ రసపట్టులో ఉండి, మాస్టారు ఒక వక్క అనుకోకుండా నోట్లో వేసుకున్నారు. అందరూ ఒక చుట్టు ఎక్కువ తొక్కారు. మాస్టారిని ఎవరేమంటారు? సగం మంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే.

రాత్రుళ్లు ఇళ్లలో ఇంకో వేడుక. బెల్జియంలో మధ్యాహ్నం మూడైతే మనకి రాత్రి ఏడున్నర. భోజనం కంచం, చేతిలో ఫోను, అందులో యూరప్ బురద. ఒకప్పుడు ఇలాంటి భోగం ఎక్కడిది? ఫొటో ఒకటి తెరుచుకునేలోపు కాఫీ చల్లారేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు పూర్తయ్యాక నెట్టు దారికొచ్చింది. ఆ కేబులు ఎందుకు వేశారో గానీ, మన వాళ్లు దాంతో నేర్చుకున్నది మాత్రం బురదలో పడటమెలాగో.

"మన దీవుల్లో సైకిలు ఎవరు తొక్కుతారు" అని కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా అంటే ఇక్కడ పిల్లలే తగులుకుంటారు. 2004 సునామీలో చెట్టెక్కి రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్న మన దీవుల డెబోరా హెరాల్డ్ తరవాత దేశం తరఫున ట్రాకు మీద దూసుకుపోయింది. మన దీవులవాడే ఏసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ పందెంలో వెండి పతకం పట్టుకొచ్చాడు. ప్రపంచ పోటీల్లో మన దేశానికి సైకిలు మీద వచ్చిన మొదటి పతకం అదే. ఆ మరుసటి ఏడు జట్టు స్ప్రింటులో బంగారమూ వచ్చింది. వాళ్లది నున్నటి ట్రాకు, మనది నత్తల ట్రాకు. అయినా మన వాళ్లు ఓడిపోగానే "మేం అసలు స్ప్రింటర్లం" అనడం నేర్చుకున్నారు. మన దీవుల పేరు అలా కూడా ఉపయోగపడుతోంది.

మామూలు రోజుల్లో సాధన అంటారా, సిప్పీఘాట్ వైపు. సునామీతో అక్కడి నేల కుంగి, వరి పండిన చోట ఉప్పునీళ్లు నిలిచిపోయాయి. పోటు వేళ పక్కన తళతళా మెరుస్తూ నీళ్లు కనిపిస్తాయి, ఆ మడులు ఊడ్చిన చేతులున్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. కుర్రాళ్లు అక్కడికి వచ్చేసరికి ఎందుకో కబుర్లు ఆపి తొక్కుతారు. వండూర్ వెళ్లే టూరిస్టు బళ్లు హారను కొడితే మళ్లీ మొదలు.

ఇక వనభోజనాలు. కార్తీకంలో ప్రతి ఆదివారం ఏదో ఒక తోటలో ఎవరో ఒకరు ఉసిరి కొమ్మ పాతి వంట మొదలుపెడతారు. పందేనికీ పులిహోరకీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో మీకు తెలుసు. అందుకని పెద్దవాళ్లు కలిసి తీర్పు చెప్పారు: పందెం అయ్యాకే విస్తరి. దాంతో చివరి చుట్టులో వేగం చూడాలి! ముందొచ్చినవాడికి కప్పూ లేదు, పతకమూ లేదు. అడుగున మాడని చక్రపొంగలి ఉంది. ఆఖరున వచ్చినవాడికి వంటపాత్రలు తోమే పని. ఈ నియమం పెట్టాక మధ్యలో మానేసేవాళ్లు ఒక్కరూ లేరు.

సైకిళ్లు కడగడం గురించి ఇళ్ల నుంచి ఫిర్యాదులు అందాయి. ఇప్పుడంటే వానలు, తొట్లు నిండుగా ఉన్నాయి. మార్చి వస్తే ధానిఖారి డ్యామ్ నీళ్లు వంతుల వారీగా వస్తాయి, అప్పుడు సైకిలు కడుగుతానంటే అమ్మలు ఊరుకోరు. కాబట్టి కడుక్కోవలసినవాళ్లు ఇప్పుడే కడుక్కోండి. బట్టలు ఉతికే బండ మీద మాత్రం వద్దు. ఒకరింట్లో తెల్ల యూనిఫాం చొక్కా కాషాయమై బడికెళ్లింది. హెడ్‌మాస్టరు ఏమీ అనలేదు గానీ దండం పెట్టారట.

చివరగా, పల్లంలో ఎడమకాలి బూటు ఒకటి దొరికింది. నీలం రంగు, ఎనిమిదో నంబరు, లోపల అర కేజీ బురద, ఒక నత్త. నత్తని వదిలేశాం. బూటు టీకొట్టు కిటికీలో పెట్టాం. కుడికాలిది వేసుకుని వచ్చి చూపించినవాళ్లకి ఇస్తారు. టీ డబ్బులు బాకీ ఉంటే అవి కూడా తెచ్చుకోండి.