కిలుము పట్టిన హాలీ రూపాయలు

మా నాయన నాకు విడిచి వెళ్ళిన ఆస్తిలో భూమి లేదు, బంగారం లేదు. నాలుగు హాలీ రూపాయలు మాత్రం ఉన్నాయి. నిజాం ఏలుబడిలో బడిపంతులుగా అందుకొన్న తొలి జీతం నుండి దాచుకొన్నవని చెప్పేవారు. ఒకవైపు చార్మినారు, దాని ద్వారంలో ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని 'ఐన్' అనే అక్షరం. ఆ సిక్కా 1959లో చెలామణి నుండి పూర్తిగా తొలగిపోయినా, ఆయన పొట్లం మాత్రం విప్పలేదు.

మనం 'పదహారణాల తెలుగు' అని గర్వంగా అంటాం గాని, ఆ రూపాయలో వెండి నూటికి 81.8 పాళ్ళే, అంటే పదమూడణాల వెండి, తక్కినది ప్రధానంగా రాగి. ఈ రాగి సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నాకు పదిహేనేళ్ళప్పుడు దీపావళికి ఇత్తడి సామానుతో పాటు ఒక రూపాయను కూడా చింతపండు, బూడిద వేసి తోమాను. తళతళలాడింది. మెచ్చుకొంటారని నాయన చేతిలో పెట్టాను. ఆయన వెలుతురులో అటూ ఇటూ త్రిప్పి చూచి, "దాని వయసంతా కడిగేశావు గదరా!" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అందువల్లనే ఇప్పటికీ మరువలేదు.

ఉద్యోగ విరమణ అయి దేవరయాంజాల్‌లో స్థిరపడ్డాక, మళ్ళీ అపరాధం జరుగరాదని మంచి ఆల్బం ఒకటి కొన్నాను. మెత్తని పారదర్శకమైన అరలు, కొత్త రెక్సిను వాసన. మూడు రూపాయలు అందులో అమర్చాను. నాలుగవదాన్ని మాత్రం, పొట్లం మీద నాయన చేతివ్రాత ఉన్నందున, అందులోనే ఉంచాను. మొన్నటి ముసురుకు ఆల్బం తెరిస్తే గుండె జారిపోయింది. తోమినది ఎలాగో తప్పించుకొంది గాని, తక్కిన రెండింటి మీదా పచ్చని జిగురు!

వాకబు చేయగా తేలిందేమంటే, దోషం వానది కాదు, అరలది. అవి పి.వి.సి. ప్లాస్టిక్కు. దానిని మెత్తబరచడానికి కలిపే నూనెవంటి ద్రవ్యం కాలక్రమేణ బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్కు క్షీణించేకొద్దీ ఆమ్లమూ విడుదలవుతుంది. అది నాణెంలోని రాగిని పట్టి పచ్చని కిలుమును పుట్టిస్తుంది. తేమ, వేడి దానికి తోడు.

మా ఇంటావిడ "చింతపండు తేనా అండీ?" అంది. వద్దన్నాను. కల్తీలేని అసిటోన్ తెప్పించి, దీపం, పొయ్యి దరిదాపుల్లో లేకుండా, కిటికీలు తెరచి, గాజుగిన్నెలో నానబెట్టాను. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఇతర ద్రవ్యాలు కలుస్తాయి గనుక అది పనికిరాదు. రుద్దలేదు, ద్రవం మార్చి మరొకసారి ముంచి, ఆరనిచ్చాను. అసిటోన్ జిగురును కరిగిస్తుంది, లోహాన్ని ముట్టదు. ఒక రూపాయ బాగుపడింది. రెండవదానిపై మాత్రం ఒక మీనారు చుట్టూ సన్నని గుంటలు మిగిలాయి. తిన్నది తిరిగి రాదు గదా!

ఇక పొట్లంలోని రూపాయ. అంచున నీలం, లోపలికి ఊదా, నడుమ బంగారు ఛాయ, నెమలికన్నులా ఉంది. ఇదీ రసాయనిక చర్యే. గాలిలోని, కాగితంలోని గంధకం వెండితో కలిసి పలుచని పొరగా ఏర్పడుతుంది. పొర మందాన్ని బట్టి కాంతి రంగులుగా కనిపిస్తుంది. మరీ మందమైతే నలుపే. ఆంగ్లంలో టోనింగ్ అనే దీనిని 'వన్నె తిరగడం' అనుకొంటే సరిపోతుందని నా మనవి. కిలుము వేరు, వన్నె వేరు. మొదటిది తొలగించాలి, రెండవదాని జోలికి పోరాదు. ఈ భేదం తెలియకనే నేను పదిహేనేళ్ళప్పుడు వన్నెను మురికి అనుకొన్నాను. అరవైలు దాటాక విషాన్ని రక్షణ అనుకొన్నాను.

ఇప్పుడు మూడింటినీ మైలార్ అరల్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేశాను. నాలుగవది నాయన పొట్లంలోనే ఉంది. ఆ కాగితంలోని గంధకం వల్ల ఏనాటికైనా నల్లబడవచ్చునని తెలుసు. అయినా ఆ చేతివ్రాత నుండి దానిని వేరుచేయడానికి చేయి రాలేదు.

మొన్న మనుమడు ఆ రూపాయను చూచి, "తాతయ్యా, దీన్ని తోమితే తెల్లగా అవుతుందా?" అన్నాడు. అవుతుందన్నాను. ఆపై తోమిన రూపాయను కూడా ప్రక్కన పెట్టి, అంచులు పట్టుకొని చూడమన్నాను. రెండింటినీ చాలాసేపు చూచి, పొట్లాన్ని వాడే మడిచాడు.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి ఆల్బములుంటే ఈ పూటే తెరచి చూడండి. రెక్సిను వాసన వస్తే ఆలస్యం చేయవద్దు.