మస్కారా, అప్పగింతలు, కొబ్బరినూనె

నలభై దాటాక కళ్ళకి రెండు వస్తాయండీ. ఒకటి చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై కదా, పేరులోనే వయసు చెప్పేస్తుంది. రెండోది, రెప్పల వెంట్రుకలు పలచబడటం. మొదటిదానికి కళ్ళజోడుంది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ మా అక్క కూతురి పెళ్ళి ఫొటోల్లో నా కళ్ళు కూడా కాస్త కనబడాలనిపించింది నాకు. కాటుక పెడితే మా గోదావరి ఉక్కకి మధ్యాహ్నానికే బుగ్గల మీదికి దిగుతుంది. అందుకని నెల ముందే రావులపాలెం ఫ్యాన్సీ షాపులో రెండు మస్కారాలు కొని, ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పించాను. మూడూ కలిపి 1,000 రూపాయల లోపే.

"ఈ వయసులో ఇదేం సోకే?" అన్నారు అత్తయ్యగారు. నిజానికి ఇది మనకేం కొత్త కాదు. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నేతితో రంగరించేది. అమెరికాలో 1915లో మేబెలిన్ కంపెనీ పుట్టిందీ ఇలాగే. టామ్ లైల్ విలియమ్స్ సోదరి మేబెల్ బొగ్గుపొడిని వాసలీన్‌లో కలిపి రెప్పలకి రాసుకునేదట. ఆమె పేరూ వాసలీనూ కలిసి మేబెలిన్ అయింది. అక్కడా ఇక్కడా మసీ జిడ్డే!

బ్రాండ్లు చెప్పను. బ్రాండుకన్నా రకం ముఖ్యమని తేలింది. మామూలు రకం నీళ్ళతో కడిగితే పోతుంది, కనుక చెమటకీ పోతుంది. వాటర్‌ప్రూఫ్ రకం చెమటకీ, ఉల్లిపాయలు తరిగినప్పటి కన్నీళ్ళకీ చెక్కుచెదరలేదు గానీ, తలకి నూనె రాసుకున్న రోజు కళ్ళ కింద నల్లగా దిగింది. దానికి నీళ్ళు కాదు, జిడ్డు శత్రువు. మూడోది ట్యూబింగ్ రకం. ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి తొడుగులా పడుతుంది. జిడ్డుకి కరగదు, గోరువెచ్చటి నీళ్ళతో నల్లటి పోగుల్లా ఊడి వస్తుంది.

వాటర్‌ప్రూఫ్ తియ్యాలంటే ఆ శత్రువునే వాడుకోవాలి. కోనసీమలో కొబ్బరినూనెకి కరువా! దూదికి రాసి, మూసిన కన్ను మీద అరనిమిషం ఉంచి, మెల్లిగా కిందికి తుడవండి. రుద్దితే ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయి.

ఇక పూత గురించి ఆత్రేయపురం వాళ్ళకి వేరే చెప్పాలా? పూతరేకుకి పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్కసారి అలా లాగుతాం. పిండి ఎక్కువైతే అది రేకు కాదు, అట్టు. మస్కారా కూడా అంతే. బ్రష్‌కి ఎక్కువైంది ట్యూబు అంచుకి తుడిచేసి, పైరెప్పలకి మాత్రమే పలచగా రెండు పూతలు చాలు. జోడు పెట్టుకుని పూయలేం, తీస్తే కనబడదు. పెద్దగా చూపించే అద్దం ఒకటి కొనుక్కోండి.

పెళ్ళిలో ట్యూబింగ్‌దే పెట్టుకున్నాను. అప్పగింతల్లో పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే మా అక్క ఏడిచింది, నేనూ ఏడిచాను. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ బుగ్గలు నల్లబడలేదు.

పెళ్ళికూతురి చెల్లెలు "పిన్నీ, నాకూ ఒక్కసారి ఇవ్వవా?" అని చెయ్యి చాపింది. "నీకు కొత్తది కొనిపెడతాను గానీ నాది ఇవ్వనమ్మా" అన్నాను. మూతి ముడుచుకుంది. ఒకే కాటుక భరిణెతో ఇంటిల్లిపాదికీ దిద్దిన ఇళ్ళు మనవి, కాదనడం కష్టమే. కానీ ఒకరి కంటి జబ్బు ఆ బ్రష్‌తోనే ఇంకొకరికి అంటుకుంటుంది. కన్ను ఎర్రబడినప్పుడు మన మస్కారా మనమే ముట్టుకోకూడదు. ఎండిపోయిందని నీళ్ళు పోసి కలపకూడదు.

చవకది కొనడంలో అసలు లాభం కూడా ఇక్కడే ఉంది. మూత తీసిన మూడు నెలలకి మస్కారా పారెయ్యాలి. ఖరీదైనదైతే పట్టుచీరలా ఏళ్ళ తరబడి దాస్తాం. 300 రూపాయలదైతే పారెయ్యడానికి చెయ్యొస్తుంది. మూత తీసిన తేదీ ట్యూబు మీద చిన్న కాగితం అంటించి రాసుకోండి. నా దాని మీద రాశాను. వచ్చే నెల పారేస్తాను.